చేటెడు తవుడు

టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టడానికి మొహమాటపడి ఊరుకున్నాడు. తిమ్మప్ప మాత్రం అరుగు దిగలేదు.

బొంబాయి రోడ్డు పక్కన మదీనాగూడలో ఇల్లు కట్టుకున్నప్పుడు, అరుగు మాత్రం అనంతపురం జిల్లా తీరులో వెడల్పుగా ఉండాలని మేస్త్రీతో పోట్లాడి కట్టించుకున్నాడాయన. ఇప్పుడు దాని మీదే ఉబ్బిన కాళ్లు చాపుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, కదిలేది లేదన్నట్టు కూర్చున్నాడు. డయాలిసిస్‌కు పోవలసిన రోజు అది. పోకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియంది కాదు. గుండె అలసిపోయిందనీ, ఇక మెషీన్‌తో ఎక్కువకాలం నెట్టుకురాలేమనీ, ఈ వారంలోనే కిడ్నీ మార్చకపోతే మనిషి దక్కడనీ డాక్టరు విశ్వేశ్వరరావు ఆయన ఎదుటే చెప్పాడు.

అన్నీ తెలిసే కూర్చున్నాడు. మొండితనంలో తిమ్మప్పకు తిమ్మప్పే సాటి.

తప్పంతా ఓబులమ్మ నోటిది. తమ్ముడికి ఆపరేషన్ అని తెలిసి కదిరి పక్క పల్లె నుంచి నిన్న బస్సు దిగి వచ్చిన ఆ పెద్దావిడ, కాళ్లు కడుక్కుని లోపలికి వస్తూనే మేనకోడలి బుగ్గలు పుణికి, ఆడబిడ్డవై పుట్టి నాయనకు కిడ్నీ ఇస్తాండావు, నీ కడుపు చల్లగుండ అంది. పక్కగదిలో మంచం మీదున్న తిమ్మప్ప ఆ మాట విన్నాడు. ఇచ్చేది కొడుకు దినేష్ అనుకుంటున్నాడు ఆయన అప్పటిదాకా. ఇంట్లోవాళ్లు అలాగే చెప్పారు మరి. దినేష్ రక్తం కలవలేదు. భార్య రత్నమ్మకు చక్కెర జబ్బు. కలిసింది కూతురు సుష్మ ఒక్కదానిదే. ఆ సంగతి చెబితే ఈయన ఒప్పుకోడని అందరూ కూడబలుక్కుని దాచారు. మత్తు ఇచ్చాక ఎవరి కిడ్నీ అయితేనేం, తర్వాత కాళ్లు పట్టుకోవచ్చులే అనుకున్నారు. ఎంత పిచ్చి ఆలోచనో చూడండి. పెళ్లీడుకొచ్చిన పిల్ల కడుపు కోసి తీసేదాన్ని ఆయనకు తెలియకుండా పెట్టించగలమనుకున్నారు.

వాళ్ల ఇంట్లో తండ్రి కూతురి దగ్గర ఏదీ తీసుకోడు. తిమ్మప్ప తాత కూతుర్ని చూడటానికి ఆమె అత్తగారి ఊరికి పోతే, తాగే నీళ్లు కూడా తన ఇంటి బావి నుంచే చెంబులో పట్టుకుపోయేవాడట. సుష్మ మొదటి జీతంతో తెచ్చిన చొక్కా ఇప్పటికీ కవరు విప్పకుండా బీరువాలో ఉంది. కూతురి సొమ్ము ఒంటి మీద వేసుకోవడమా అని ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. అలాంటి మనిషిని కూతురి ఒంట్లో ముక్క తీసుకుని బతకమంటే బతుకుతాడా?

దినేష్ అరుగు కింద నిలబడి అప్పటికే గొంతు పోయేలా అరిచాడు. ఈ పట్టింపులు ఊళ్లోనే వదిలేసి రావలసిందన్నాడు. నీ మొండితనానికి అమ్మ పసుపుకుంకుమలు బలిపెడతావా అన్నాడు. ఆ మాటకు లోపల రత్నమ్మ చేతిలో గిన్నె జారిపడింది. అయినా ఆమె బయటకు రాలేదు. ఓబులమ్మ వంటింటి గడప మీద కూర్చుని తన నోటిని తానే తిట్టుకుంటోంది.

సుష్మ మాత్రలూ, గ్లాసుతో నీళ్లూ తెచ్చి తండ్రి ముందు నిలబడింది. ఆయన గ్లాసు వంక చూసి మొహం తిప్పుకున్నాడు. నీళ్లు నువ్వు తెచ్చియ్యి రత్నా, అని లోపలికి కేకేశాడు.

"నీళ్లు కూడా తాగవా నాయనా?" అంది సుష్మ.

"నీ చేత్తో ఈ పొద్దు నీళ్లు తాగితే రేపు ఇంకోటి తాగమంటావు."

"నువ్వు పోతే మేమేం కావాల?"

తిమ్మప్ప అప్పుడు కూతురి కళ్లలోకి చూశాడు. నిన్నటి నుంచి ఆమెను నేరుగా చూడటం అదే మొదలు. "నువ్వు నా బిడ్డవే అయితే ఆ మాట మళ్లీ ఎత్తొద్దు" అన్నాడు.

సుష్మ గ్లాసు అరుగు మీద పెట్టేసింది. బ్యాగు తగిలించుకుని కైనెటిక్ హోండా స్టార్ట్ చేసింది. ఆఫీసులో సెలవు పెట్టాలంటే చేతిలో పని ఇవాళే ఇంకొకరికి అప్పజెప్పాలి. ఆపరేషన్ జరగనే జరగదంటే సెలవెందుకని తనను తాను అడుక్కుంటూనే బయలుదేరింది.

* * *

మాదాపూర్ బండల మధ్య కొత్తగా లేచిన ఆ గుండ్రటి అద్దాల మేడలో అందరికీ ఒకటే హడావుడి. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాములన్నీ సరిచేయాలి. సుష్మ తన పనిని పక్క సీటు దేవిశ్రీకి వివరంగా చెబుతుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తల్లి చేసింది. టాక్సీని తిప్పి పంపించేశాడమ్మా అని మాత్రం చెప్పి పెట్టేసింది.

సుష్మ లేచి మెట్ల దగ్గరికి పోయింది. అందరూ లిఫ్టే ఎక్కుతారు కాబట్టి అక్కడ ఎవరూ ఉండరు. ఒక మెట్టు మీద కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఒక్కరి ముందూ ఏడవలేదు. తను ఏడిస్తే అమ్మ కూలిపోతుందని, తమ్ముడు బెదిరిపోతాడని అన్నీ మింగుకుంది. ఇప్పుడు మింగేందుకు చోటు లేకపోయింది.

చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక అలవాటు ఉంది. ఇంట్లో నాయన తిడితే, గుడిలో నాయనకు చెప్పుకునేది.

కదిరి నరసింహస్వామి ఆమెకు గుడి నాయన. అది పిల్లతనపు ముద్దుమాట కాదు, వాళ్ల ఇంట్లో అక్షరాలా అంతే. సుష్మకు ముందు రత్నమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. సుష్మ పుట్టాక ఆ పసిబిడ్డకూ జ్వరం తగిలింది. అప్పుడు తిమ్మప్ప పిల్లను చేటలో పడుకోబెట్టి తీసుకుపోయి స్వామి గడప మీద పెట్టి, ఇది నీ బిడ్డ స్వామీ, మా బిడ్డ కాదు, అని దండం పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. వెనకే వచ్చిన ఓబులమ్మ చేటెడు తవుడు తెచ్చి గుడి ఆవుకు పెట్టి, ఆ తవుడుకు బదులుగా పిల్లను ఎత్తుకుని, స్వామి బిడ్డను తెచ్చినా, సాకండి, అని ఇంట్లో తమ్ముడి చేతుల్లో పెట్టింది. పెళ్లికి ముందు తండ్రి మళ్లీ అదే గడపకు పోయి, పిల్ల ఎత్తు బెల్లం తూచి ఇచ్చి విడిపించుకోవాలి. అంతవరకూ ఆ పిల్ల స్వామిదే. కన్నవాళ్లు సాకేవాళ్లు మాత్రమే.

అందుకే సుష్మకు భయమేసినప్పుడల్లా నోటికొచ్చే మాట అదే. గుడిలో స్వామి పక్కనే చేతులు జోడించి నిలబడే ప్రహ్లాదుణ్ణి చూపించి ఓబులమ్మ చెప్పేది, కన్నతండ్రే కాదన్న పిల్లోడికి ఈయన నాయనైనాడే, నీకు కాకుండా పోతాడా అని.

"నాయనా" అంది సుష్మ మెట్ల మీద, ఎవరికీ వినిపించకుండా. "నాకు చేతనైంది చేసినా. ఆయన నా మొహం చూడడంల్యా. నాకు బలం చాలడంల్యా. నువ్వు నాయనవైతే నన్ను పట్టుకో."

ఇంకేమీ అడగలేదు. ఆయన్ను బతికించమని కూడా అడగలేదు. తండ్రి గుండెల మీద తల పెట్టుకున్న పిల్లలా మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. కింద రోడ్డు మీద లారీలు పోతున్నాయి. పక్కన ఇంకో మేడకు పునాదులకని బండ పగలగొడుతున్నారు. ఆ చప్పుళ్లన్నీ అలాగే ఉన్నా ఆమె మనసు నెమ్మదించింది. నేను ఒంటరిదాన్ని కాను అనుకుంది. అనుకోవడం కాదు, ఆ క్షణంలో ఆమెకు అది చేతికి తగిలినంత నిజంగా తెలిసింది. తను మోస్తున్న బరువును అవతలి నుంచి ఇంకెవరో పట్టుకున్నారు.

కళ్లు తుడుచుకుని లేవబోతూ మళ్లీ కూర్చుంది. నువ్వు నా బిడ్డవే అయితే, అన్నాడు పొద్దున నాయన.

హైదరాబాదు వచ్చినప్పటి నుంచి తిమ్మప్ప ప్లాట్ల వ్యాపారంలో తలమునకలయ్యాడు. కింద బండ ఉందని కొనేవాళ్లకు తానే చెప్పి బేరాలు చెడగొట్టుకునే మనిషి కాబట్టి వ్యాపారం నెత్తిన పెట్టుకున్నా నత్తనడకే. కదిరి ప్రయాణం ప్రతి ఏడూ వచ్చే ఏడుకు వాయిదా పడుతూనే ఉంది. పెళ్లి కుదిరాక చూద్దాంలే అనేవాడు.

అంటే ఇంతవరకూ విడిపించుకోలేదు.

సుష్మ మెట్లు రెండేసి దిగుతూ బండి దగ్గరికి పరిగెత్తింది.

* * *

ఇంటికి వచ్చేసరికి తిమ్మప్ప అరుగు మీదే ఉన్నాడు. ఆయాసం ఎక్కువైంది. మాట్లాడితే మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. దినేష్ అలిసిపోయి గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. అరవడానికి వాడి దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

సుష్మ తండ్రి దగ్గరికి పోలేదు. నేరుగా మేనత్త ముందుకు పోయింది.

"అత్తా, నన్ను స్వామి గడప నుంచి నాయన విడిపించుకున్నాడా?"

ఓబులమ్మ తెల్లబోయింది. తమ్ముడి వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూసింది. "యాడ విడిపించినాడు అమ్మీ. ఏడాదికేడాది చెప్తానే ఉండా, వింటేనా" అంది.

సుష్మ అప్పుడు అరుగు దగ్గరికి వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. "నీ బిడ్డనైతే ఆ మాట ఎత్తొద్దన్నావు. నేను నీ బిడ్డను కాదు నాయనా. స్వామి బిడ్డను. అందుకే మళ్లీ ఎత్తుతాండా."

తిమ్మప్పకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. కారు మాట్లాడమని దినేష్‌కు చెప్పాడు. ఇప్పుడే కదిరికి పోదాం, బెల్లం తూయించి విడిపించుకుంటా, అప్పుడేమంటుందో చూస్తానన్నాడు. చావడానికి కూడా తన బిడ్డను తన బిడ్డగా చేసుకునే పోతాడట. ఆ మాటకు ఓబులమ్మకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. గేటు దాకా నడవలేనోడు కదిరి దాకా పోతాడంట అని గొణిగింది.

"పొయ్యి రా" అంది సుష్మ. "నేను అడ్డం రాను. అయితే ఈ పొద్దు వరకూ నేను ఆయనదాన్నే. నా ఒళ్లు ఆయనది. ఆయన నీకు ఇస్తాండాడు. స్వామి ఇచ్చింది వద్దనేది మన ఇంట్లో ఉందా?"

తిమ్మప్ప మొహం తిప్పుకుని రోడ్డు వంక చూశాడు.

అప్పుడు రత్నమ్మ బయటికి వచ్చింది. నిన్నటి నుంచి ఈ సంగతి మీద ఆమె నోరు విప్పింది లేదు. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు బిడ్డను గడప మీద పెట్టి ఇంటికొచ్చినాక వెక్కి వెక్కి ఏడ్చినావు. నువ్వు ఏడ్చేది నేను చూసింది అదొక్కసారే. ఇచ్చేసినోళ్లకు మళ్లీ ఆయనే బిడ్డను ఇచ్చినాడు. అప్పుడు చేతులు చాపి తీసుకుంటివి. వద్దనలేదే. ఆయన చేత్తో ఒకసారి తీసుకున్నోడివి, రెండోసారి తీసుకునేదానికి నీకు ఏం అడ్డం వచ్చింది?"

తిమ్మప్ప పెళ్లాం మొహం చూశాడు. తర్వాత కూతురి మొహం చూశాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. దాన్ని దులిపి, రెండు చేతుల మీదా పరిచి, గుడిలో ప్రసాదానికి పట్టినట్టు కూతురి ముందు చాపాడు.

సుష్మకు ఏం చేయాలో తోచలేదు. అందులో పెట్టడానికి ఆమె చేతుల్లో ఏమీ లేదు. ఖాళీ అరచేతులు రెండూ ఆ తువ్వాల్లో పెట్టింది. ఆయన వాటిని అలాగే పైకెత్తి కళ్లకు అద్దుకున్నాడు. తువ్వాలు తడిసింది.

"ఆయన బిడ్డగానే ఇస్తాండావు" అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ. "నా బిడ్డగా కాదు. నాకు నయమైన మొదటి పొద్దే పొయ్యి విడిపించుకుంటా. అంతవరకూ ఈ మాట నువ్వు తప్పకూడదు. నేనూ తప్పను."

సరే నాయనా అంది సుష్మ. ఏ మాటకు సరే అంటున్నదో అప్పుడు ఆమెకు తోచలేదు.

పొద్దున ఆమె పెట్టిన గ్లాసు అరుగు మీద అలాగే ఉంది. ఆయన అందుకుని తాగాడు. డాక్టరు చెప్పిన కొలతకు మించి తాగుతున్నా ఎవరూ ఆపలేదు. తర్వాత బీరువాలోని ఆ చొక్కా తెమ్మన్నాడు.

* * *

పొద్దున తిరిగిపోయిన టాక్సీయే మళ్లీ వచ్చింది. డ్రైవరుది బోరబండ. పొద్దుటి కోపం ఏమీ పెట్టుకోకుండా, జర పైలంగా కూసోండ్రి పెద్దాయనా, ఫికర్ చేయకుండ్రి, గుంతల్ల పోనియ్య, అని చెయ్యి పట్టి ఎక్కించాడు. మడతలు విడని కొత్త చొక్కాలో తిమ్మప్ప పెళ్లికి పోతున్నట్టున్నాడు.

డయాలిసిస్ అయ్యాక డాక్టరు విశ్వేశ్వరరావు తండ్రినీ కూతుర్నీ తన గదిలోకి పిలిచాడు. కోస్తా మనిషి, మాట మెత్తన, పని మాత్రం కచ్చితం. ఆపరేషన్ ఎల్లుండి పెట్టుకుందామన్నాడు. అన్ని పరీక్షలూ బాగున్నాయన్నాడు. ఒక్కటే మిగిలిందన్నాడు. కిడ్నీలు అమ్ముకునేవాళ్లు ఎక్కువై చట్టం గట్టిగా ఉంది కాబట్టి, ఇచ్చేవాళ్లు రక్తసంబంధీకులేనని పుచ్చుకునే మనిషి నోటితో తాను స్వయంగా వినాలి. ఇద్దరి చేతా చెప్పించుకున్నాకే సంతకం పెడతాడు. అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు కలం మూత తీశాడు.

"చెప్పండి తిమ్మప్పగారూ. ఈ అమ్మాయి మీకేమవుతుందండీ?"

సుష్మ తలెత్తి తండ్రి వంక చూసింది. అరుగు దగ్గర తను కట్టిన ముడి ఇలా వచ్చి గొంతుకు పడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. నా కూతురు అని ఒక్క మాటంటే చాలు. కానీ కూతురైతే ఆయన తీసుకోడు. కూతురు కాదంటే డాక్టరు కోయడు. నాయనా, అని లోపల పిలిచింది. ఏ నాయనను పిలిచిందో ఆమెకే తెలియలేదు.

తిమ్మప్ప చొక్కా గుండీ సవరించుకున్నాడు. ప్లాటు కింద బండ ఉందని కొనేవాడికి చెప్పేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో, ఇప్పుడూ అలాగే ఉంది.

"కన్నది నేనే సార్. రక్తం నాదే" అన్నాడు.

డాక్టరు తలూపి కలం కాగితం మీద పెట్టాడు. సుష్మ ఊపిరి వదిలింది.

"అయితే ఈ బిడ్డకు ఇద్దరు నాయనలుండారు సార్. మీకు అబద్ధం చెప్పకూడదు. ఒక నాయన ఇస్తాండాడు, ఒక నాయన తీసుకుంటాండాడు. తీసుకునేటోణ్ణి నేను. ఈ పొద్దుకు బిడ్డ మీద హక్కు నాది కాదు. ఆయనది."

కలం ఆగిపోయింది. విశ్వేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తండ్రి వంకా, కూతురి వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా ఫైలు మూసేశాడు.

"ఇంకో తండ్రి ఉన్నారా?" అన్నాడు. ఇప్పుడా గొంతులో మెత్తదనం లేదు. "ఇంతవరకూ ఎవరూ ఆ మాట చెప్పలేదేమండీ? అమ్మాయి మీద హక్కు ఆయనదైతే ఆయన్ని పిలిపించండి. ఆయన వచ్చి నాతో మాట్లాడకుండా నేను కత్తి పట్టను."

తలుపు బయట రత్నమ్మ, ఓబులమ్మ, దినేష్ నిలబడి ఉన్నారు. వాళ్లకు ఈ మాటలేవీ వినపడవు. తిమ్మప్ప తలవంచుకున్నాడు. తాను చేసిన పని మంచిదో చెడ్డదో ఆయనకే తెలియడం లేదు. కొత్త చొక్కా అంచును వేళ్లతో నలుపుతున్నాడు.

సుష్మ భయపడాల్సింది. కానీ పొద్దున మెట్ల మీద ఆమెను పట్టుకున్న చెయ్యి ఇంకా విడవలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది. తండ్రి నలుపుతున్న వేళ్ల మీద తన చెయ్యి వేసింది.

"ఆయన వచ్చే ఉన్నాడు సార్" అంది.